మస్తాన్ మాస్టారి ఎనభై నాలుగు

గుంటూరులో మా అపార్టుమెంటు పక్కనున్న ఖాళీ స్థలంలో మూడు రోజులుగా బోర్లు వేస్తున్నారు. ఈ ఉదయం బాల్కనీలో ఆరేసిన బట్టలు తీయబోతే చేతికి సన్నటి రాతిపొడి అంటుకుంది. పెదవి తడుపుకుంటే నాలుక మీద కూడా అదే రుచి, తడి పలకను నాకినట్టు. పాలు తేవడానికి కిందికి దిగితే వాచ్‌మన్ ఎదురొచ్చి, "ఇది మూడోదండీ మేడమ్. రెండు ఫెయిలైనయ్ గదా, ఈసారి కచ్చితంగా పడుద్ది" అన్నాడు. ఎందుకు పడాలయ్యా అని అడగబోయి ఊరుకున్నాను. అది నా సొంత ప్రశ్న కాదు. ఇరవై ఏళ్ళ కిందట పొదిలిలో నాకు లెక్కలు చెప్పిన మస్తాన్ మాస్టారిది. ఆయన గురించి మంచిగా రాయాలని చాలాసార్లు కూర్చున్నాను, ప్రతిసారీ కోపం ముందుకొచ్చి కూర్చుంది. ఈసారి కోపంతోనే రాస్తున్నాను.

మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, బస్టాండు వెనక వీధిలో తన ఇంటి వరండాలో ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్పేవారు. మనిషి పొట్టి. గొంతు మాత్రం వీధి మలుపు దాకా వినపడేది. ఏ పాఠమైనా వస్తువు చేతికిచ్చి చెప్పాల్సిందే. శంకువు పాఠం రోజున మా అందరి చేతా కాగితం పొట్లాలు చుట్టించి, వాటిలో శనగలు పోయించి, కొలిపించి, చివరికి ఆ శనగలు మాకే పెట్టారు. సంభావ్యత పాఠానికి ఆయన దగ్గర ఒక నల్ల గ్రానైటు పాచిక ఉండేది. ఆయన బావమరిది చీమకుర్తిలో రాళ్ళు కోసే యూనిట్లో పనిచేస్తూ, మిగిలిపోయిన ముక్క నుంచి నిమ్మకాయంత ఘనం కోయించి, గుంటల్లో తెల్ల రంగు నింపి ఇచ్చాడట. దాన్ని పీట మీద వేస్తే దడ్డుమని చప్పుడయ్యేది. మా ఊరు పొదిలికి ఏడు మైళ్ళు. ఊళ్ళో లెక్కల గ్రూపు తీసుకున్న ఆడపిల్లను నేనొక్కదాన్నే. సాయంత్రం బస్సు దొరికే దాకా ఆ వరండాయే నాకు రెండో ఇల్లు.

మొదటి రోజు మా అందరి చేతా పాచిక వేయించారు. ఒక్కొక్కరు అరవై సార్లు, ప్రతిసారీ పడిన అంకె రాయాలి. నా వంతులో పద్నాలుగు సార్లు వేసినా ఆరు పడలేదు. నా పక్కన కూర్చునే శీను ముందుకు వంగి, "ఇంక ఇప్పుడు పడాల్సిందే సార్" అన్నాడు. మాస్టారు పాచిక లాక్కుని వాడి ముఖం దగ్గర పెట్టారు.

"ఎందుకు పడాలిరా? అమ్మాయి చెయ్యి నొప్పెడతా ఉందని దీనికి తెలుసా?"

"అది కాదు సార్, ఇందాకట్నించీ పడలేదు గదా."

"ఇందాక అనేది నీకుంది, నాకుంది. దీనికి లేదు. ప్రతి విసురూ దీనికి మొదటి విసురే. రాసుకో."

ఆ మాట నేను పుస్తకం అట్ట లోపలి వైపు రాసుకున్నాను. పదహారేళ్ళ పిల్లకు అది లెక్కలా అనిపించలేదు. మా ఊళ్ళో ప్రతివాళ్ళూ నిన్నటిని మూటగట్టుకుని తిరిగేవాళ్ళే. ఎవరి గొడ్డు ఎవరి చేలో పడిందో తాతల కాలం నుంచీ గుర్తుంచుకునేవాళ్ళు. నిన్న అనేదే లేని వస్తువు ఒకటి లోకంలో ఉందంటే నాకు ఎంతో హాయిగా అనిపించింది.

మర్నాడు అసలు లెక్క చెప్పారు. పది సార్లు వేస్తే ఒక్కసారైనా ఆరు పడే అవకాశం ఎంత? మేమందరం ఆరో వంతును పదితో గుణించి, ఒకటి దాటిపోయేసరికి తెల్లముఖాలు వేశాం. ఆయన పగలబడి నవ్వారు. "పడుద్దా అని అడక్కండి. ఒక్కసారి కూడా పడకుండా తప్పించుకోవడం ఎంత కష్టమో అది అడగండి" అన్నారు. ఒకసారి తప్పించుకునే అవకాశం ఆరింట ఐదు. రెండోసారి కూడా తప్పించుకోవాలంటే అందులో మళ్ళీ ఆరింట ఐదు. అలా గుణించుకుంటూ పోతే నాలుగో విసురుకే సగానికి దిగువకు వస్తుంది. పదో విసురుకు వందకు పదహారు మిగులుతుంది. ఆ పదహారును వందలోంచి తీసేస్తే ఎనభై నాలుగు. పదిసార్లు వేస్తే వందకు ఎనభై నాలుగు పాళ్ళు ఒక్క ఆరైనా పడుతుంది. పలక మీద ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి మా వంక చూశారు, తానే కనిపెట్టినంత సంబరంగా.

లెక్కకు ముందు ఒక వాక్యం రాయించేవారు. "ఈ ఘటనలు స్వతంత్రాలు అనుకుందాం." అంటే ఒక విసురుకూ ఇంకో విసురుకూ సంబంధం లేదని. ఉత్తరం పైన శ్రీ రాసినట్టు అది అలవాటుగా రాసేవాళ్ళం. "అది రాయకపోతే మార్కు పోద్ది" అనేవారు మాస్టారు, పక్క లైనులోకి వెళ్ళిపోతూ. ఎందుకు అనుకోవాలో, ఎప్పుడు అనుకోకూడదో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు. మా ఇల్లు ఎక్కడ మునిగిందో చెప్పమంటే నేను ఆ వాక్యం మీద వేలు పెడతాను.

ఆ ఏడు ఎండాకాలానికి ముందే మా బత్తాయి తోటలో పాత బోరు ఎండిపోయింది. నాలుగెకరాల తోట, మంచి కాపు మీదుంది. నాన్న రెండు కొత్త బోర్లు వేయించాడు. రెండూ ఎండు పొడే. తోట కాక మాకు మెట్ట చేలు రెండు ఉండేవి. నాన్నది తూర్పు చేను, రెండెకరాలు. అమ్మకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన దిబ్బ చేను ఎకరన్నర. మళ్ళీ బోరు వేయాలంటే చేను అమ్మాలి. అమ్మ ఒప్పుకోలేదు. చెట్లు పోతే పోయినయ్, కందులు వేసుకుని బతుకుదాం అంది. అన్నం తింటూ వాళ్ళిద్దరూ పోట్లాడుకోవడం నాకు బాగా గుర్తు.

"ఆరు బోర్లేస్తే ఒకటి పడుద్ది మన చుట్టుపక్కల. ఊరంతా చెప్పే మాటేగా" అన్నాడు నాన్న.

"రెండు చోట్ల లేని నీళ్ళు అదే తోటలో మూడో చోట ఎందుకుంటయ్యయ్యా?" అంది అమ్మ.

ఆరింట ఒకటి అనగానే నా చేతిలో ముద్ద ఆగిపోయింది. అది మా పాచికే కదా! మర్నాడు ట్యూషన్లో అందరికంటే ముందు కూర్చుని, "మాస్టారూ, ఆరుకొకటి చొప్పున నీళ్ళు పడే చోట పది బోర్లేస్తే?" అని అడిగాను. మాకు అప్పటికే రెండు పోయాయని కూడా చెప్పాను. ఆయన ముఖం విప్పారింది.

"అద్దీ! పుస్తకంలోంచి లెక్కని బయటికి లాగావు. ఎనభై నాలుగే."

"మరి పోయిన రెండు?"

"వాటిని మరిచిపో అమ్మాయ్. ఇందాక అనేది లేదని చెప్పలా? ఇవాళ్టి నుంచి లెక్క."

నా నోటుబుక్కులో ఆ లెక్క ఆయనే చేసి, కింద ఎర్ర ఇంకుతో సంతకం పెట్టారు. మిగతా పిల్లలకు చూపించి, "దీన్నంటారు బుర్ర అని" అన్నారు. నన్ను ఆ మాట అన్న మొదటి మనిషి ఆయన. బస్సులో ఇంటికొస్తూ పుస్తకాన్ని గుండెలకు పెట్టుకున్నాను. ఆ పొగడ్త లేకపోతే నేను ఇవాళ కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పే ఉద్యోగంలో ఉండేదాన్ని కాదు. ఆ పొగడ్త లేకపోతే మా చేలూ ఉండేవి. రెండూ నిజాలే.

నాన్న ఐదో తరగతితో ఆపేశాడు. చదువంటే ఆయనకు భయమూ భక్తీ. నోటుబుక్కు దీపం కిందికి జరుపుకుని, అర్థం కాకపోయినా ప్రతి వరస మీదా వేలు నడిపాడు.

"మాస్టారు గారే వేశారా?"

"ఆయనే నాన్నా. సంతకం చూడు."

"వందకి ఎనభై నాలుగంటనే" అన్నాడు అమ్మతో. అమ్మ మళ్ళీ అదే మాట అంది, రెండు చోట్ల లేనివి మూడో చోట ఎందుకుంటయ్ అని. నేను నవ్వాను. పాచికకు ఇందాక అనేది ఉండదని ఆమెకు విడమరిచి చెప్పాను. "నాకు అయ్యన్నీ తెలవ్వులే అమ్మా" అని ఆమె గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. ఆ రోజు ఇంట్లో లెక్క సరిగ్గా చేసిన మనిషి ఆమె ఒక్కతే. ఎండిన రెండు బోర్లనూ ఆమె గుర్తుపెట్టుకుంది. గుర్తుపెట్టుకోవడం తప్పని నాకు చదువు నేర్పింది.

తూర్పు చేను అమ్మేశారు. నీళ్ళ పాయింటు చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తోటంతా తిరిగేవాడు. కాయ నిలబడిన చోట సున్నంతో గుర్తు పెట్టేవాడు. పాత గుంటకు ఇరవై అడుగులో ముప్పై అడుగులో, అంతే దూరం. అది మాకు కొత్త విసురు. బోరు బండి వచ్చాక కొబ్బరికాయ నా చేతనే కొట్టించేవాడు నాన్న, "లెక్క తెచ్చింది నువ్వేగా" అంటూ. మూడోది పోయింది. నాలుగోది పోయింది. ప్రతిసారీ నేను వేళ్ళ మీద లెక్క వేసి, ఇంకా వేయాల్సినవి ఎన్నో చెప్పి నాన్నకు ధైర్యం చెప్పేదాన్ని. బత్తాయి ఆకులు చుట్టుకుపోయి, పిందెలు రాలిపోతుంటే ఆయన వాటి వంక చూసేవాడు కాదు, నా వంక చూసేవాడు. ఐదోది పోయింది.

ఆరోది కూడా ఎండు పొడి కక్కాక, బండి మీద పనిచేసే తమిళాయన మొహం తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడేవాడు. "ఒకటే రాయమ్మా. మొదలు బోరులో ఏ పొడి వచ్చిందో ఇక్కడా అదే పొడి. పైన నీళ్ళు పాత బోరుతోనే అయిపోయె, కింద మొత్తం ఒకటే బండ. మీ నాన్నకి చెప్తే వినరు" అన్నాడు. బండి వెళ్ళిపోయాక నేను గుంట గుంటకీ తిరిగాను. ఆరు గుంటల పక్కనా పొడి కుప్పలు అలాగే ఉన్నాయి. ఒక్కో కుప్ప నుంచి గుప్పెడు తీసి కాగితంలో పొట్లం కట్టి, పైన నంబరు వేశాను. ఆరూ ఒకే బూడిద రంగు. నంబరు లేకపోతే ఏది ఏదో నేనే చెప్పలేను.

పొట్లాలు తీసుకెళ్ళి మాస్టారి పీట మీద వరసగా విప్పాను. తమిళాయన చెప్పింది చెప్పాను. మాస్టారు మొదటి పొట్లంలోంచి చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపారు. రెండోది, మూడోది. ఆరోదాని దాకా వెళ్ళలేదు. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"ఇవి ఆరు విసుర్లు కావమ్మా. ఒక్కటే విసురు. ఆరుసార్లు చూశారు, అంతే."

నాకు వెంటనే అర్థమైంది, అది ఇంకా ఘోరం. ఊరి మీద ఆరుకొకటి పడితే పడవచ్చు. మా తోట కింద ఒకటే బండ. పాచిక ఒక్కసారే పడింది, మా తోట పుట్టిన రోజునే. మేం వేస్తున్నది కొత్త పాచిక కాదు. పడి ఉన్న పాచికనే పక్క నుంచి, వెనక నుంచి వంగి చూస్తున్నాం, అంకె మారుతుందేమోనని. లెక్కకు ముందు రాసిన ఆ వాక్యం అబద్ధమైతే దాని కింది ఎనభై నాలుగూ అబద్ధమే.

"మాస్టారూ, సోమవారం అమ్మ చేను బేరం కుదురుతుంది. ఇంకో రెండేస్తానంటున్నాడు నాన్న. నేను చెబితే వినట్లేదు, మాస్టారి సంతకం ఉందిగా అంటున్నాడు. మీరొచ్చి ఒక్క మాట చెప్పండి."

ఆయన పీట మీది పొడి అరచేత్తో ఊడ్చారు. "నేను పాచిక సంగతి చెప్పానమ్మాయ్. మీ పొలం సంగతి నేనెప్పుడు చెప్పాను?" అన్నారు. నేను నోటుబుక్కు తెరిచి ఎర్ర సంతకం చూపించాను. చాలాసేపు చూసి, "సరే. ఆదివారం పొద్దున బస్సుకొస్తాను. మీ నాన్నతో నేనే మాట్లాడతా. నువ్వు ఏడవమాక" అన్నారు.

ఆదివారం పొద్దున్నుంచీ నేను మా ఊరి రోడ్డు మీద నిలబడ్డాను. తొమ్మిది గంటల బస్సు వచ్చింది. పదకొండు బస్సు వచ్చింది. ప్రతి బస్సులోంచీ దిగిన ప్రతి మనిషినీ చూశాను. రెండున్నర బస్సు కూడా వెళ్ళిపోయాక ఇంటికొచ్చాను. నాన్న గడ్డం గీసుకుంటున్నాడు, మర్నాటి బేరానికి. నాన్నా ఆ లెక్క తప్పు అన్నాను. "నీకు భయమేసి అట్టా అంటన్నావ్. పెద్దాయన తప్పు చెప్తారా?" అన్నాడు. అమ్మ గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తి నా వంక చూసి, మళ్ళీ చేటలోకి వంగింది. మర్నాడు బేరం కుదిరింది. కాగితం మీద ఆమె కూడా వేలిముద్ర వేసింది. ఏడో బోరు, ఎనిమిదో బోరు. అదే పొడి.

తోట కొట్టేసి కట్టెలకు అమ్మాం. తర్వాత తోట నేలా చేతిలో నిలవలేదు. మరుసటి ఏడు మిరప కోతల కాలానికి ముగ్గురం గుంటూరు వైపు కూలికి వచ్చాం. నాలుగెకరాల బత్తాయి తోట రైతు ఇంకొకరి చేలో గోనెసంచి నడుముకు కట్టుకుని కాయలు కోశాడు. అమ్మకు మిరప ఘాటు పడేది కాదు. ఆయాసంతో ఆరేళ్ళు తీసుకుని పోయింది. దిబ్బ చేను సంగతి పోయేదాకా ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. నేను ఒక ఏడాది ఆగి, ప్రైవేటుగా కట్టి ఇంటర్ పూర్తిచేశాను. లెక్కలు మాత్రం వదల్లేదు. పగబట్టినట్టు చదివాను.

ఉద్యోగం వచ్చాక ఒకసారి పొదిలి వెళ్ళి మాస్టారిని చూశాను. మంచం మీద ఉన్నారు. వరండాలో పిల్లలెవరూ లేరు. నన్ను గుర్తుపట్టి, నేను ఏమీ అడగకముందే మొదలుపెట్టారు.

"ఆ ఆదివారం బస్టాండుకొచ్చానమ్మా. చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాను. బస్సు ఆగింది. కండక్టరు పిలిచాడు కూడా. ఎక్కలేదు."

"ఎందుకని మాస్టారూ?"

"ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను. తప్పు చెప్పానని ఒక్కరి ముందైనా అనలేదు. నీ ముందంటే అనేశాను, నువ్వు పిల్లవి. మీ నాయన నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టే మనిషి. ఆయన ముందు నిలబడి..." అని ఆపేశారు.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. క్షమించాను అంటానేమోనని చూశారు. నేను అనలేదు. తెచ్చిన పళ్ళు బల్ల మీద పెట్టి, ఆరోగ్యం జాగ్రత్త అని లేచి వచ్చేశాను. బస్సు ఎక్కకపోవడానికి అదొక కారణమా అని దారంతా పళ్ళు నూరుకున్నాను. మా అమ్మ చేను ఒక పెద్దమనిషి పరువుకు సరిపోయింది! ఆ తర్వాత రెండేళ్ళకు ఆయన పోయారని శీను ఫోన్ చేసి చెప్పాడు. నేను వెళ్ళలేదు.

క్లాసులో మొదటి రోజు నేను లెక్క చెప్పను. ఇవి విడివిడివని మీకెవరు చెప్పారు అని అడిగి, పిల్లలు నానా తిప్పలు పడి జవాబు వెతుక్కునే దాకా సుద్దముక్క ముట్టను. వస్తువు చేతికివ్వకుండా ఏ పాఠమూ చెప్పను. తప్పించుకునే అవకాశాన్ని ముందు లెక్కగట్టి, దాన్ని మొత్తంలోంచి తీసే ఒడుపు, పిల్లలు దారి తప్పినప్పుడు పగలబడి నవ్వడం, అన్నీ ఆయనవే. నాలో మంచి టీచరు ఎవరైనా ఉంటే అది ఆయనే. అది ఒప్పుకోవడానికి కూడా నాకు కోపమే.

నాన్న ఇప్పుడు నా దగ్గరే ఉంటాడు. ఈ మధ్యాహ్నం అన్నం పెడుతుంటే, కిటికీ వైపు చెవి పెట్టి, ఎవరో బోరేస్తన్నట్టున్నారే అన్నాడు. అవునన్నాను. కంచంలో అన్నం కెలుకుతూ అన్నాడు.

"మన టైము బాగలేక ఆ పదహార్లో పడ్డాం గానీ అమ్మాయ్, మాస్టారి లెక్కలో తప్పేముంది? పాపం, మహానుభావుడు. మన మంచికే చెప్పాడు."

ఇరవై ఏళ్ళుగా ఆయన ఆ పదహారును పట్టుకునే బతుకుతున్నాడు. అదృష్టం ముఖం చాటేసిన మనిషిగానే మిరప చేలో నడుం వంచాడు, అలాగే అమ్మ పాడె మోశాడు. ఏడో బోరుకు ముందే నీకు తెలుసా అని ఆయన అడిగితే, తెలుసు అనాలి. ఆ ఆదివారం లెక్క తప్పని ఒక్కసారి అని, ఆయన కసరగానే నోరు మూసుకున్నాననాలి. పొట్లాలు విప్పి ఆయన ముందు పెట్టలేదనాలి. మా నాన్న నన్ను చూసే చూపు మారిపోతుందని అప్పుడు భయపడ్డాను, ఇప్పుడూ భయపడుతున్నాను.

"ఏమీ తప్పు లేదు నాన్నా. లెక్క సరిగ్గానే ఉంది" అన్నాను. ఇంకొంచెం పప్పు వేశాను.